వానకు రాసిన పద్దు

ముప్పై ఏళ్లు బ్యాంకులో లెక్కలు చూసినవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. కనబడిన ప్రతిదాన్నీ భాగించి చూస్తాడు. 2019 జూన్‌లో నేనూ మా ఆవిడా లండన్ వెళ్లాం. విమానం టిక్కెట్లు, వీసా రుసుము, గది అద్దె అన్నీ కూడి, అక్కడ ఉండే ఆరు రోజులతో భాగిస్తే రోజుకు ముప్పై రెండు వేలు తేలింది. ఆ అంకె ఆవిడతో అనకుండా ఉండవలసింది.

నాలుగో రోజు తెల్లవారేసరికి వాన. మన వాన వస్తుంది, కుమ్మరిస్తుంది, పోతుంది. అక్కడిది అలా కాదు. ఏడాది మొత్తానికి చెన్నైలో సుమారు 1400 మిల్లీమీటర్లు కురిస్తే లండన్‌లో 600 దరిదాపులే. కాని ఆ కాస్తా ఏడాది పొడుగునా వాయిదాల మీద పడుతుంది. హోసూరులో మా చిన్నప్పుడు చెరువు నెర్రెలు విచ్చితే వాన కోసం ఊరంతా మొక్కుకునేది. అటువంటి ఊళ్లో పుట్టినవాణ్ణి, అంత డబ్బు పోసి వెళ్లి, కిటికీ దగ్గర నిలబడి వానను తిట్టుకున్నాను.

ఆ రోజు థేమ్స్ నది మీద పడవలో గ్రీనిచ్ వెళ్లాలి. టిక్కెట్లు ముందే కొన్నాం, వెళ్లకపోతే డబ్బు వెనక్కి రాదు. ఆవిడకు ముందురోజు నడకతో మోకాలు వాచింది. "ఈ పూటకి వదిలెయ్యండి" అంది. "ముప్పై రెండు వేలు" అన్నాను నేను.

తిరిగిరాని ఖర్చును చూసుకుని తరువాతి అడుగు వెయ్యకూడదని బి.కాం.లో చదువుకున్నాను. మునిగిన పరిశ్రమకు పాత బాకీ కోసం కొత్త అప్పు ఇవ్వరాదని ఎన్ని ఫైళ్ల మీద రాశానో! అదే నేను, పోయిన పడవ టిక్కెట్టు కోసం ఆవిడ మోకాలును తడపడానికి సిద్ధపడ్డాను. ఆవిడ మంచం మీద కూర్చుని, "ఏమండీ, రోజుకి కూడా వడ్డీ కట్టాలా?" అని అడిగింది. జవాబు తోచలేదు.

చివరికి రెండు వీధుల అవతల ఉన్న బ్రిటిష్ మ్యూజియంకి నెమ్మదిగా నడిచాం. ప్రవేశ రుసుము లేదు. (అది కూడా నా మనసుకు ఊరట అని ఒప్పుకోవాలి.) అక్కడ అమరావతి స్తూపం రాళ్లున్నాయి. గుంటూరు సీమలో ఉద్యోగం చేసిన వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించినవి. 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. వచ్చిన కొత్తలో కొంతకాలం బండ్లు పెట్టే కొట్టంలో పడి ఉన్నాయి. 1880లో మ్యూజియం చేతికి వచ్చాయి. మెత్తని పల్నాటి సున్నపురాయి కనుక ఇప్పుడు వాటిని అద్దాల గదిలో, గాలిని అదుపులో పెట్టి ఉంచారు. మిగిలిన రాళ్లలో చాలా భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనే ఉంది. చెన్నైలో తొమ్మిదేళ్లు పనిచేసి, ఎగ్మూరు స్టేషనులో ఎన్నిసార్లు దిగానో లెక్కలేదు. ఒక్కసారి లోపలికి పోలేదు. ఆ రోజులకు అద్దె కట్టలేదు కదా!

బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాం. అమరావతి శిల్పాల్లో విల్లులా వంగిన పాతకాలపు వీణ కనబడుతుందని ఎప్పుడో చదివింది ఆవిడకు చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీకు ధర్మపురికి బదిలీ అయిన ఏడాది వీణ పరీక్షకి ఫీజు కట్టాను. వెళ్లలేదు" అంది. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ సంగతి నాకు తెలియదు. వీణ మానేసిందని తెలుసు. విసుగు పుట్టి మానేసిందనుకున్నాను. ఫిర్యాదులా కూడా అనలేదు, వరస గుర్తొచ్చినట్టు అంది. ఫీజు ఎంతో అడగబోయి ఊరుకున్నాను.

అప్పటినుంచి నన్ను ఒక ప్రశ్న వదలడం లేదు. రోజు వృథా అయిందని మనం అన్నప్పుడు, అది ఎవరి రోజు? నా ఒక్క రోజు తడిసిందని నేను అంత గొడవ చేశాను. నా ఏడు బదిలీల్లో సామాన్లు కట్టడానికి, పిల్లలకు బడి వెతకడానికి, కొత్త ఊరి నీళ్లకు అలవాటు పడడానికి పోయిన ఆవిడ రోజులు ఏ పద్దులోనూ ఎక్కలేదు. కాలాన్ని పొదుపుగా వాడాలనడం తప్పు కాదు. సేద్యం చేసేవాడు పదునుకు విత్తకపోతే ఇంటిల్లిపాదీ పస్తే. కాని అతని తొందరకు ఫలితం ఇంటిల్లిపాదికీ అందుతుంది. నా తొందరకు ఫలితం నా ఒక్కడి చిట్టాలో పడేది, ఖర్చు పక్కవాళ్లు పెట్టుకునేవారు. నిజాయితీగల లెక్క అంటే జమా ఖర్చూ ఒకే పేరున ఉండాలి. బ్యాంకులో మరొకరి ఖాతాలోంచి ఇలా తీస్తే ఉద్యోగం పోతుంది.

ఊరికి తిరిగొచ్చిన మూడు నెలలకు, సెలవు పెట్టి ఇద్దరం హోసూరు నుంచి చెన్నై వెళ్లాం, ఎగ్మూరు రాళ్లు చూడడానికి. తీరా వెళ్లేసరికి శుక్రవారం, మ్యూజియానికి వారపు సెలవు. గేటు దగ్గర ఆవిడ నా ముఖం వంక చూసింది. నేను భాగించలేదు. ఆటో పిలిచి, ఎక్కడికి వెళదామని అడిగాను. మైలాపూరులో వీణలు బాగుచేసే దుకాణం ఒకటి ఉండేదట, ఇంకా ఉందేమో చూద్దామంది.