చెవిన వేసిన మాట

మన ఊళ్ళలో "సర్పంచ్‌కి ఫిర్యాదు చేశాను" అనేవాళ్ళు తక్కువ. "ఓ మాట చెవిన వేశాను" అంటారు. టీ హోటల్ బల్ల మీద వేస్తారు, పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్నప్పుడు వేస్తారు, పంచాయతీ సెక్రటరీ దారిలో బండి ఆపితే అక్కడే వేస్తారు. దానికి కాగితం ఉండదు, సంతకం ఉండదు, తేదీ ఉండదు. విన్నవాడు "చూద్దాం" అంటాడు. చెప్పినవాడు తేలికపడతాడు. ఊరి పనులు చాలావరకు ఇలాగే నడుస్తాయి. ఆగిపోయేవి కూడా ఇలాగే ఆగిపోతాయి.

నన్ను చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న ఇది. ఇలా విన్న మాట విన్నవాడి బాధ్యత అవుతుందా? లేక అతని దయ మీదే ఉంటుందా?

ముందు ఈ పద్ధతిలోని మంచి చెప్పాలి. చదువుకున్నవాళ్ళం దీన్ని "అంతా పైరవీ" అని తీసిపారేస్తాం. అంత సులువు కాదు. మా ఊళ్ళో ట్యాంకు దగ్గర నీళ్ళు వదిలే మనిషి కొన్నాళ్ళు చివరి వీధికి ఆలస్యంగా వదిలేవాడు. ఇంట్లో భార్యకి జబ్బు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరైనా దరఖాస్తు రాసి పైకి పంపితే అతని చిన్న ఉద్యోగం పోయేది. ఎవరూ రాయలేదు. సెక్రటరీ చెవిన వేశారు, ఆయన అతనితో మాట్లాడాడు, పొద్దున పూట ఇంకొకరు వదిలేలా సర్దారు. నీళ్ళు వచ్చాయి, ఉద్యోగమూ నిలిచింది. ఇది ఏ ఫారంలోనూ పట్టే న్యాయం కాదు.

అధికారి వైపు నుంచి కూడా అంతే. "నిధులు రాలేదండీ, పాత బిల్లులే పాస్ కాలేదు, మీరే పైవాళ్ళని అడగండి" అన్న నిజం ఆఫీసులో కుర్చీలో కూర్చుని చెప్పలేడు. టీ తాగుతూ చెప్పగలడు. నిజం బయటికి రావడానికి కొంచెం నీడ కావాలి.

కానీ ఆ నీడలో కూర్చునేది ఎవరు? 1948 నవంబర్ 4న రాజ్యాంగ ముసాయిదాని సభ ముందు పెడుతూ అంబేద్కర్, గ్రామాన్ని కాక వ్యక్తిని ప్రాతిపదికగా తీసుకున్నందుకు సంతోషం వెలిబుచ్చారు. ఊరంటే మమతలున్నవాళ్ళకి ఆ మాట అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కానీ రచ్చబండ మీద ఎవరు కూర్చునేవారో, ఎవరు కింద నిలబడేవారో, ఎవరు అటువైపే రాకూడదో తెలిసినవాళ్ళకి అందులో అర్థం కానిదేమీ లేదు. రెండు గ్లాసుల పద్ధతి నడిచిన టీ హోటళ్ళు మన జిల్లాల్లోనే ఉండేవి. ఆ బల్ల మీద జరిగిన మాటల్ని "ఊరి అభిప్రాయం" అని ఎలా అంటాం?

ఆడవాళ్ళ సంగతి చూడండి. చట్టం పంచాయతీ పదవుల్లో సగం వాళ్ళకిచ్చింది. కాగితం మీద సంతకం ఆవిడది కావాలి కాబట్టి ఫైలు ఆవిడ దగ్గరికి వెళ్తుంది. టీ బల్ల దగ్గర మాత్రం సంతకం అక్కర్లేదు కాబట్టి "సర్పంచ్ గారి భర్త" కూర్చుంటాడు. ఊరందరూ మాట ఆయన చెవినే వేస్తారు. ఎన్నికైనది ఆవిడ, వినేది ఆయన.

73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. అది గ్రామసభకి ఇచ్చిన నిర్వచనం ఎప్పుడు చదివినా నాకు ముచ్చటేస్తుంది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివాళ్ళూ సభ్యులే. పెద్దమనుషులు, కులపెద్దలు అన్న ఊసే లేదు. అంబేద్కర్ పక్కకి పెట్టిన గ్రామం తిరిగొచ్చింది కానీ, వ్యక్తుల జాబితాగా తిరిగొచ్చింది. ఆ జాబితాలో పక్కపక్కనే ఉన్న రెండు పేర్లకి ఒకటే విలువ.

మరి ఆచరణలో? చాలాచోట్ల గ్రామసభ అంటే నలుగురు కూర్చోవడం, మిగతా సంతకాలకి రిజిస్టరు ఇంటింటికీ తిరగడం. తేల్చాల్సింది ముందురోజు సాయంత్రమే తేలిపోయి ఉంటుంది. అందరూ రావలసిన చోట మాట లేదు, మాట ఉన్న చోటికి అందరూ రాలేరు.

మా ఊరి చివర ఎస్సీ కాలనీ ఉంది. పై వీధుల సైడు కాలువలన్నీ పల్లంలో ఉన్న ఆ కాలనీ మొదట్లో ఆగిపోతాయి. అక్కడి నుంచి డొంక దాకా కాలువ తవ్వలేదు. వానాకాలంలో ఊరి మురుగంతా మూడు నాలుగు ఇళ్ళ గుమ్మాల ముందు నిలబడుతుంది. ఇది ఎవరికీ తెలియని విషయం కాదు. అక్కడి ఒక ముసలామె సర్పంచ్ ఎప్పుడు ఎదురుపడ్డా "బాబూ, మా కాలవ సంగతి" అనేది. ఆయన ఏనాడూ కాదనలేదు. "చూద్దాంలే పెద్దమ్మా" అనేవాడు. మూడు వానాకాలాలు గడిచాయి. "చూద్దాం" అన్న మాటకి గడువుండదు, అందుకే అది ఎప్పటికీ అబద్ధం కాదు.

చివరికి ఆమె మనవడు దరఖాస్తు రాసి పట్టుకెళ్ళి, రశీదు కావాలన్నాడు. సర్పంచ్ నిజంగానే నొచ్చుకున్నాడు. "ఏరా, నోటి మాట చాలదా? కాగితాల దాకా ఎందుకు వచ్చావు?" అన్నాడు. ఆ నొప్పి నటన కాదు. వరసలు పెట్టి పిలుచుకునే చోట కాగితం అంటే అపనమ్మకం. ముసలామె కూడా మనవణ్ణే కోప్పడింది, "మంచివాడు, మొహమాటపెట్టావు" అని.

నేను ఆలోచించేది ఇక్కడే. నోటి మాట మీద పని జరగాలంటే అడిగేవాళ్ళు విన్నవాడికి ఇష్టులుగా ఉండాలి. నవ్వుతూ పలకరించాలి, గట్టిగా మాట్లాడకూడదు, రెండోసారి అడగడానికి సందర్భం చూసుకోవాలి. హక్కున్న మనిషి మంచి అనిపించుకోవలసిన అవసరం ఏముంది? గయ్యాళి ఇంటి ముందు కూడా మురుగు నిలవకూడదు కదా. కాగితం అంటే అపనమ్మకం అని నేను అనుకోను. అడిగేవాళ్ళని మొహమాటం నుంచి విడిపించే వస్తువు అది.

అలాగని కాగితమే గట్టెక్కిస్తుందనీ అనను. సోమవారం కలెక్టరాఫీసులో ఇచ్చిన అర్జీ మెట్లు దిగి దిగి చివరికి ఊళ్ళో సెక్రటరీ దగ్గరికే వస్తుంది. 2019 అక్టోబర్ 2న ఆంధ్రలో గ్రామ సచివాలయాలు మొదలయ్యాక ఆఫీసు ఊళ్ళోకే వచ్చింది, మంచిదే. కానీ వచ్చిన మనిషి కాలువ చూడకుండానే "పరిష్కరించబడింది" అని నొక్కితే ఆ కాగితమూ "చూద్దాంలే" లాంటిదే.

విన్న ప్రతి మాటా రాయమంటే ఎవరూ స్వేచ్ఛగా మాట్లాడరు అని ఒక అధికారి నాతో వాదించారు. నిజమే, నీళ్ళు వదిలే మనిషి సంగతి అప్పుడే రాసి ఉంటే ఏమయ్యేవాడు? అందుకని రెండింటికీ ఒకే కొలత పెట్టాలనుకుంటాను: రాయడం వల్ల నష్టపోయేది ఎవరు, రాయకపోవడం వల్ల నష్టపోయేది ఎవరు? ఒక పేదవాడి తప్పటడుగు రాస్తే అతనే నష్టపోతాడు, అది నోటి మాటగానే ఉండనివ్వాలి. కాలువ, నీళ్ళు, దీపాలు, నిధులు రాయకపోతే ఊరి చివరివాళ్ళు నష్టపోతారు, అవి రాసి తీరాలి. రాయవలసింది చెప్పినవాళ్ళు కాదు, విన్నవాడు. జీతమో పదవో ఉన్నది అతనికి. టీ బల్ల మీద కూర్చున్నంత మాత్రాన చెవులు సొంతానివి అయిపోవు. విన్నది గ్రామసభలో అందరి ముందూ చదవాలి. టీ బల్ల దగ్గరికి రాలేనివాళ్ళ దగ్గరికి అతనే నడిచి వెళ్ళాలి.

మా ఊరి కాలువకి ఆ తర్వాత ఎస్టిమేట్ వేశారు, సగం దూరం తవ్వారు. మిగతా సగానికి ఆ కుర్రాడు ఇంకో దరఖాస్తు పెట్టాడు, దానికీ రశీదు తీసుకున్నాడు. సర్పంచ్ ఇప్పుడు అతన్ని "ఏరా" అనడం మానేసి "ఏమండీ" అంటున్నాడు. ముసలామె దానికి బాధపడుతోంది. నాకు మాత్రం ఆ కాలువ కంటే ముందే పూర్తయిన పని ఇదేననిపిస్తుంది.