పిల్లవాని పన్ను – ప్రభుత్వపు పన్ను

తెలుగున పన్ను అను మాటకు రెండర్థములు గలవు. ఒకటి నోటిలోనిది, రెండవది ప్రభుత్వమునకు చెల్లించునది. బహువచనమున మాత్రమే యవి విడిపోవును: మొదటివి పండ్లు, రెండవవి పన్నులు. మా రాయచూరులోని కన్నడ సోదరులకు హల్లు వేఱు, తెరిగె వేఱు గనుక వారికీ తికమక లేదు. అయితే యీ రెండు పన్నులును నిజముగనే ముడివడిన ధర్మసందేహ మొకటి నేడు మన యిండ్లలోనికి వచ్చియున్నది. బిడ్డ పండ్లకు క్లిప్పులు వేయించుటకై ప్రభుత్వమునకు రావలసిన పన్నును మిగుల్చుకొనుట న్యాయమా?

తుంగభద్ర యెడమ కాలువ క్రింద సింధనూరు, మాన్వి ప్రాంతములకు వచ్చి క్యాంపులలో స్థిరపడిన తెలుగు రైతుల మనుమలును, పట్టణములలోని యుద్యోగుల బిడ్డలును పలువురు నేడు అమెరికాలో నున్నారు. అచ్చట 2003లో చేసిన చట్టము ననుసరించి ఆరోగ్య పొదుపు ఖాతా యను నేర్పాటు గలదు. తొలి ఖర్చు కొంత తామే భరింపవలసిన తరగతి బీమా గలవారు తమ జీతములో కొంత యా ఖాతాలో వేసికొనవచ్చును. 2026లో కుటుంబమునకు 8,750 డాలర్ల వఱకు అనుమతి గలదు. ఆ సొమ్ముపై వేసినప్పుడు గాని, పెరిగినప్పుడు గాని, వైద్యమునకు తీసినప్పుడు గాని కేంద్రప్రభుత్వపు ఆదాయపు పన్ను లేదు. పండ్ల క్లిప్పులను అచ్చటి పన్నుల శాఖ వైద్యముగ నంగీకరించినది. వయసుచే పచ్చబడిన పండ్లను తెల్లగ చేయించుకొనుటను అంగీకరింపలేదు.

కచేరీలో వైద్యఖర్చుల బిల్లులు చూచిన గుమాస్తాను నేను. ప్రతి బిల్లునకును మాకు రెండు ప్రశ్న లుండెడివి. ఇది చెల్లునా? చెల్లినచో ఏ పద్దు నుండి చెల్లును? ఈ సందేహమునకును ఆ రెండు ప్రశ్నలే చాలునని తోచుచున్నది.

ఇది చెల్లునా? పండ్లు సరిచేయించుట సింగారమేయని మన పెద్దలు కొంద ఱందురు. ఎత్తుపండ్లతోనే తాతముత్తాతలు నూఱేండ్లు బ్రతుకలేదా యని వారి వాదము. కాని పై పండ్లును క్రింది పండ్లును కలియని బిడ్డకు నమలుట కష్టము. ఒకదానిపై నొకటి యెక్కిన పండ్ల నడుమ తోముట కష్టము. అచ్చటనే పుచ్చు మొదలగును. ముందుకు పొడుచుకొని వచ్చిన పన్ను, పిల్లవాడు పడినప్పుడు తొలుత విఱుగును. ఇక నోటికి చేయి యడ్డము పెట్టుకొని నవ్వు నాడపిల్ల మనసులోని బాధను, పెండ్లిచూపులలో ఆమె తల్లిదండ్రుల బాధను మన మెఱుగనిది కాదు. కావున నిది వైద్యమే, బిల్లు చెల్లును.

ఏ పద్దు నుండి? ఇచ్చట జాగ్రత్త వలయును. "నాన్నగారూ, అది మా కష్టార్జితమే గదా, ఒకరి సొమ్మా?" యని మన బిడ్డ లడుగుదురు. సొమ్ములో పెద్దపాలు వారిదే, నిజము. మినహాయింపు భాగము మాత్రము ఖజానాకు రాకుండ పోయినది. క్లిప్పులకు 5,000 డాలర్లు అగుననుకొందము. 12 శాతము పన్ను పడువానికి 600 డాలర్లు మిగులును. 22 శాతము వానికి 1,100. 32 శాతము వానికి 1,600. ఆదాయపు పన్ను పడనంతటి పేదవానికి ఆ పన్నులో మిగులునది సున్న. నలుగురు బిడ్డల పండ్ల వంకర యొక్కటే. సాయము మాత్రము కలిగినవానికి హెచ్చు, లేనివానికి లేదు.

మన దేశమున నట్టి ఖాతా లేదు. పాత పన్ను పద్ధతి నెంచుకొనిన వారికి ఆరోగ్యబీమా ప్రీమియముపై మినహాయింపు గలదు. అదియును పన్ను చెల్లించువానికే యుపకరించును.

ఇప్పుడు మా జిల్లాను చూడుడు. కృష్ణా తుంగభద్రలు రెండును చుట్టి పాఱుచున్నను, బోరు నీటిలో ఫ్లోరైడు మితిమీరిన గ్రామము లిచ్చట ననేకము గలవు. మన దేశపు ప్రమాణము లీటరునకు 1 మిల్లిగ్రాము. వేఱు నీరు దొరకనిచోట 1.5 వఱకు సహింతురు. అంతకు మించిన నీటిని పండ్లు రూపొందు పసితనమున త్రాగిన బిడ్డకు వచ్చెడి పండ్లపై గోధుమవన్నె మచ్చలు పడును. ఎంత తోమినను అవి పోవు. 1937లోనే నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు వ్యాధిని గుర్తించి వైద్యులు ప్రకటించిరి. ఈ మచ్చల బిడ్డ తండ్రి కూలివాడు. ఆదాయపు పన్ను చెల్లింపడు గనుక మినహాయింపు లేదు. అయినను సబ్బు కొన్నప్పుడును, పండ్లపొడి కొన్నప్పుడును పన్ను చెల్లించుచునే యున్నాడు!

రఘువంశమున కాళిదాసు దిలీపుడు గ్రహించిన పన్నును సూర్యుడు గ్రహించు నీటితో పోల్చెను. నీరు తిరిగి వానయై రావలయును. వాన యెల్లరి పొలముల మీదను కురియవలయును గదా.

కనుక నా నిర్ణయ మిది. చట్ట మిచ్చిన మినహాయింపును బిడ్డ కొఱకు వాడుకొనుట దోషము గాదు; సంకోచింప నక్కఱలేదు. అది తన తెలివిచే సంపాదించినదని గర్వించుట మాత్రము తగదు. నలుగురికి చెందవలసిన పద్దులో నుండి తన బిడ్డకు కొంత ముట్టినదని తండ్రి యెఱిగియుండవలయును. ఎఱిగినవాడు పన్నులు దండుగయని నిందింపడు. ప్రతి గ్రామమునకు శుద్ధమైన నీరు, ప్రతి పాఠశాలకు దంతవైద్యుడు రావలెనని యడుగువారి ప్రక్కన నిలుచును. సాయము ఆదాయమును బట్టి గాక బిడ్డ యవసరమును బట్టి యందవలెనని కోరును. ఇచ్చటను అచ్చటను నున్న మన తెలుగువారు, తమ బిడ్డ నోరు తెఱచి నవ్విన దినమున, ఇంకను చేయి యడ్డము పెట్టుకొని నవ్వుచున్న బిడ్డలను గూడ తలంతురుగాక.