ఎవరి పాపం?

రక్తం క్యాన్సరని తెలిసిన ఇంట్లో మందు గురించిన ప్రశ్న కంటే ముందు వినిపించేది ఇంకొకటి ఉంటుంది. "నేనేం పాపం జేసిన్నని నాకీ రోగం?" నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఈ మాట చాలాసార్లు విన్నాను. బీడీ ముట్టనివాళ్లు అన్నారు, కల్లు కూడా తాగనివాళ్లు అన్నారు. చదువుకున్నవాళ్లం మనం పాపం అనే మాట వాడం గానీ, "ఏం తినేవాడు? టెన్షన్ ఎక్కువా?" అని ఆరా తీస్తాం. రోగి బతుకులో ఎక్కడో ఒక తప్పు దొరకాలి. ఆ తప్పు మనం చేయలేదు కాబట్టి ఆ రోగం మనకు రాదని ధైర్యం తెచ్చుకోవాలి. అడిగేది అందుకే.

ఈ ప్రశ్నకు సైన్స్ చెప్పిన జవాబు 1982 నాటిది. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి, అక్కడి నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో మరియానో బార్బసిడ్ తదితరులతో కలిసి ఒక పని చేశారు. మూత్రాశయ క్యాన్సర్ కణాల్లో దొరికిన రాస్ అనే జన్యువును, మామూలు కణాల్లో ఉండే అదే జన్యువుతో పోల్చి చూశారు. అసలు తేడా ఒక్క అక్షరం దగ్గర తేలింది. జి ఉండాల్సిన చోట టి ఉంది. దానివల్ల ఆ ప్రొటీన్‌లో 12వ స్థానంలో గ్లైసిన్‌కు బదులు వేలిన్ వచ్చి కూర్చుంది. ఆ ఏడాదే అమెరికాలో ఇంకొన్ని బృందాలు కూడా ఇదే మార్పును కనిపెట్టాయి. మనిషి జన్యురాశిలో దాదాపు 300 కోట్ల అక్షరాలుంటాయి. వాటిలో ఒక్కటి!

రాస్ పని కబురు మోయడం. "ఇక రెండుగా చీలు" అని బయటి నుంచి కబురొస్తే దాన్ని లోపలికి చేరవేసి, తర్వాత ఊరుకోవాలి. ఆ ఒక్క అక్షరం మారిన రాస్ ఊరుకోదు. మా వైపు బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకునేవాళ్లు. అర్ధరాత్రి కరెంటొచ్చినా మోటారు దానంతటదే నడుస్తుంది. మడి నిండినా నడుస్తుంది, గట్టు తెగినా నడుస్తుంది. మోటారుకి మడి మీద పగేం లేదు. ఆపమని దానికి చెప్పేవాళ్లు లేరు, అంతే. క్యాన్సర్ కణాన్ని శత్రువనీ రాక్షసి అనీ రాసినప్పుడల్లా నాకు ఆ మోటారే గుర్తొస్తుంది.

లుకేమియా కథ కూడా ఇలాంటిదే. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా రోగుల కణాల్లో ఒక క్రోమోజోమ్ పొట్టిగా ఉందని 1960లో ఫిలడెల్ఫియాలో చూశారు. 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకున్నాయని 1973లో జానెట్ రౌలీ తేల్చింది. ఆ మార్పిడిలో చోటు తప్పిన జన్యువు పేరు ఏబీఎల్. ఎలుకల్లో లుకేమియా తెచ్చే ఏబెల్సన్ వైరస్‌లో ఉండేదీ ఈ జన్యువు రూపమే. ఆ వైరస్ జన్యుక్రమాన్ని 1983లో ప్రేమ్‌కుమార్ రెడ్డి బృందమే ప్రచురించింది. చోటు తప్పిన ఏబీఎల్, బీసీఆర్ అనే ఇంకో జన్యువుకు అతుక్కుని, ఆగని స్టార్టరవుతుంది. ఎందుకు తప్పింది? రేడియేషన్ బాగా సోకినవాళ్లలో ఈ ముప్పు ఎక్కువని తెలుసు. మిగతా చాలామంది విషయంలో చూపించడానికి ఏ కారణమూ దొరకదు. కణం చీలేటప్పుడు ఎక్కడో ఒక పొరపాటు జరిగింది. చేసినవాడంటూ ఎవడూ లేడు.

"నీ పాపం కాదు" అని రోగికి చెప్పడానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు. కానీ అక్కడితో ఆగిపోతే మనకు మరీ సుఖంగా ఉంటుంది. ఎవరి తప్పూ లేదంటే, ఎవరూ ఏమీ చేయనక్కర్లేదని కూడా అనిపిస్తుంది.

ఆ స్టార్టర్‌ని ఆపే మందు దొరికింది. దాని పేరు ఇమాటినిబ్, అమెరికాలో అనుమతి వచ్చింది 2001లో. ఆ ప్రొటీన్‌కు శక్తినిచ్చే ఏటీపీ వచ్చి కూర్చునే గుంటలో ఇది ముందే దూరి కూర్చుంటుంది. ఫ్యూజు ఉండాల్సిన చోట చెక్కముక్క పెట్టినట్టు. మోటారు ఆగుతుంది. నొవార్టిస్ కంపెనీ అమ్మిన గ్లివెక్‌కు నెలకు దాదాపు లక్షా ఇరవై వేలు. హైదరాబాద్ కంపెనీ నాట్కో వీనాట్ పేరుతో అదే మందు చేసింది. ఇలాంటి జనరిక్‌లు నెలకు ఎనిమిది, పది వేలకే దొరికేవి. నాట్కో ఫ్యాక్టరీలున్న కొత్తూరు, మేకగూడ అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లావే. పేటెంటు కోసం నొవార్టిస్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2013 ఏప్రిల్ 1న ఓడిపోయింది.

కంపెనీ వాదనను కొట్టిపారేయలేం. లాభం లేకపోతే రేపటి మందు ఎవరు కనిపెడతారు? పైగా వాళ్లు మన దేశంలో వేలమందికి ఈ మందు ఉచితంగా ఇచ్చారు. ఆ మేలు కాదనను. కానీ ఆ మందుకు దారి చూపిన పరిశోధనలో చాలా భాగం ప్రజల డబ్బుతో నడిచిన ల్యాబుల్లో జరిగింది. ఇంకో సంగతి, దానం ఇచ్చేవాడి దయ మీద నడుస్తుంది. దేవరకొండ వైపు మా బంధువొకాయన ఏళ్లుగా రోజూ అన్నం తిన్నాక 400 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుని చేనుకి పోతున్నాడు. రేపటి మాత్ర ఎవరి దయ మీదా ఆధారపడకూడదు కదా.

ఇదేం కొత్త పాఠం కాదు నల్లగొండకు. మా నేల కింది రాయిలో ఫ్లోరైడ్ ఉండటం ఎవరి తప్పూ కాదు. నీళ్లలో అది ఉందనీ, ఎముకలు వంకర్లు పోయేది దానివల్లేననీ తెలిశాక కూడా తరాల పాటు అవే నీళ్లు తాగాల్సి రావడం మాత్రం మనుషుల పనే. పటికా సున్నంతో ఫ్లోరైడ్‌ని తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా మా జిల్లా పేరే పెట్టుకుంది, నల్లగొండ టెక్నిక్ అని. పద్ధతి ఉండీ మర్రిగూడ లాంటి చోట్ల పిల్లలు వంగిపోయారు.

అందుకే "ఏం పాపం జేసిన్న?" అన్న ప్రశ్నను నేను రెండు ముక్కలు చేసుకుంటాను. రోగం ఎందుకొచ్చింది అనేది మొదటిది. దానికి కారణం ఉండొచ్చు, దోషి ఉండనక్కర్లేదు. మందు ఉండీ ఎందుకు అందలేదు అనేది రెండోది. దీనికి దోషులుంటారు. ధర వేసినవాళ్లు, చట్టం రాసినవాళ్లు, బడ్జెట్‌లో కోత పెట్టినవాళ్లు, అడగకుండా ఊరుకున్న మనమూ. రోగిని నిలదీసేటప్పుడు మనకున్న పట్టుదల ఈ రెండో ప్రశ్న దగ్గర కనపడదు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి చేసిన కార్-టీ చికిత్సకు 2023లో మన దేశంలో అనుమతి వచ్చింది. విదేశాల్లో కంటే చాలా తక్కువకే, అయినా లక్షల్లోనే. కొన్ని రకాల రక్త క్యాన్సర్లకు అది కొత్త ఆశ. అది అచ్చంపేట దాకా ఎప్పుడొస్తుందన్నది ఏ జన్యువులోనూ రాసి లేదు.