మౌనంగా ఉంటే పాపం అంటదా?

 

విదుర నీతి మీద వీడియో పెట్టాక ఒకాయన ఫోన్ చేసి నిలదీసినట్టే అడిగారు: "మీరు రాజుల కథలు చెప్తారండీ. మా కంపెనీలో పై స్థాయికి వచ్చాక రాజకీయం లేకుండా ఒక్క రోజు గడవదు. మరి మేమంతా పాపాత్ములమేనా?"

నేను గురువును కాను. ఈ ఛానల్‌కు ముందు నేనూ అలాంటి గదుల్లో కూర్చున్నవాణ్ణే. కింది స్థాయిలో రాజకీయం అంటే చాడీలు, క్యాంటీన్ గుసగుసలు. పైన ఎవరూ గొంతు పెంచరు. నిర్ణయం ముందు రోజే అయిపోతుంది, మీటింగులో చదివి వినిపిస్తారంతే. "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అడుగుతారు. అందరూ నీళ్ళ సీసా వైపు చూస్తారు.

విదురుడు రాజకీయం చేయలేదనుకుంటాం. చేశాడు. లక్క ఇంటి సంగతి ధర్మరాజుకు అందరి ముందే, ఇంకెవరికీ అర్థం కాని మాటల్లో చెప్పాడు. తర్వాత సొరంగం తవ్వేవాణ్ణి రహస్యంగా పంపాడు. పనిచేసేది ధృతరాష్ట్రుడి కొలువులోనే. అరణ్యపర్వంలో ఆ రాజే కోపమొచ్చి "నీ ఇష్టమున్న చోటికి పో" అంటే కామ్యకవనానికి వెళ్ళాడు. సంజయుణ్ణి పంపి పిలిపిస్తే తిరిగొచ్చి మళ్ళీ అదే పని చేశాడు. కాబట్టి గుట్టుగా పావులు కదపడమే తప్పని నేను అనను, రాజీనామా చేయడమే ధర్మమనీ అనను.

ఇప్పుడు మన ఊరి సంగతి. మా జల్‌పల్లి నుంచి చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా మీదుగా వెళ్తే శాలిబండ దగ్గర హరిబౌలి. అక్కడి అక్కన్న మాదన్న మహంకాళి గుడికి ప్రతి ఆషాఢం బోనాలకు వెళ్తాను. ఏనుగు మీద ఘటం బయల్దేరుతుంటే ఆ జనంలో నిలబడి అమ్మవారితో పాటు మాదన్న గురించి కూడా ఆలోచిస్తాను. 1672లో అబుల్ హసన్ తానీషా గద్దెనెక్కడానికి సాయపడిన సయ్యద్ ముజఫర్ కిందే మాదన్న పనిచేసేవాడు. కొద్దికాలానికే సుల్తాను మాదన్న సాయంతోనే ముజఫర్‌ను తప్పించి, ఆ పదవి మాదన్నకు ఇచ్చాడు. 1677లో శివాజీ గోల్కొండకు వచ్చినప్పుడు చక్రం తిప్పిందీ మాదన్నే. 1686లో అన్నదమ్ములిద్దరినీ గోల్కొండలో దారుణంగా చంపేశారు. మరుసటి ఏడు కోటే ఔరంగజేబు వశమైంది. పై అధికారిని దించాడు కాబట్టి కర్మఫలం అనుభవించాడని చెప్పేవాళ్ళున్నారు. నాకు ఆ మాట నచ్చదు. మొఘల్ సైన్యం మీద పడ్డప్పుడు నిందకు ఒక మనిషి కావాలి, మాదన్న దొరికాడు. ముజఫర్ సుల్తానునే లెక్కచేయలేదని, అందుకే దించారని కూడా చరిత్ర చెప్తుంది. మాదన్న తన పక్షాన చెప్పుకోవడానికి అదైనా ఉంది.

నాకు అదీ లేదు. నన్ను ఉద్యోగంలోకి తెచ్చి, పని నేర్పిన సార్ ఒకరుండేవారు. ఒక ప్రాజెక్టు నష్టపోయింది. నిర్ణయం ముగ్గురిది, నింద ఆయనొక్కడి మీద వేశారు. ముగ్గురూ సరేనన్న మెయిల్ నా దగ్గరుంది. ప్రింటు తీసి ఇంటికి కూడా తెచ్చుకున్నాను. పైవాళ్ళు నన్ను పిలిచి, "ఆ నిర్ణయం ఆయనదేనా?" అని అడిగారు. "నాకు సరిగ్గా గుర్తులేదండీ" అన్నాను. ఇంటి లోను, అమ్మాయి ఫీజు మనసులో మెదిలాయి. నిజం చెప్పాలంటే అవి తర్వాత వెతుక్కున్న సాకులు. రెండు నెలల్లో ఆయన కుర్చీ నాకిచ్చారు.

చాలా ఏళ్ళు నన్ను నేను భీష్ముడితో పోల్చుకుని ఊరట పొందాను. ద్రౌపది నిండుసభలో ప్రశ్న వేస్తే, ధర్మం సూక్ష్మమైనది, తేల్చి చెప్పలేనన్నాడు కదా పెద్దాయన! ఒకరోజు ఆ ఘట్టం మీద వీడియోకు రాసుకుంటుంటే చెయ్యి ఆగిపోయింది. భీష్ముడి మౌనం వల్ల భీష్ముడికి కుర్చీ రాలేదు. నా మౌనం వల్ల నాకు వచ్చింది. ఫోన్ చేసిన ఆయనకు నేను చెప్పగలిగింది ఇంతే: మీరు మాట్లాడకపోవడం వల్ల ఎవరికి లాభమో చూసుకోండి. మీకే అయితే అది ఓర్పు కాదు, సంయమనం కాదు, అబద్ధమే. నోటితో చెప్పలేదంతే.

పోయిన బోనాలకు హరిబౌలి నుంచి నేరుగా సార్ ఇంటికి వెళ్ళాను. ముసలివారైపోయారు. ప్రసాదం చేతికిచ్చి, కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కోప్పడతారనుకున్నాను.

"ఆ కాగితం ఇంకా ఉందా?" అన్నారు.

"బీరువాలో ఉంది సార్."

"మా అబ్బాయికి ఒకసారి చూపించు. వాడు ఇప్పటికీ నేనే చేశాననుకుంటున్నాడు."

ఆ రాత్రే దాన్ని ఫోటో తీసి అబ్బాయికి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇంతవరకు జవాబు రాలేదు.