పార్థా అన్నాడు, కౌంతేయా అని కూడా అన్నాడు

పోయిన వీడియోలో గీతలో అర్జునుడికున్న పేర్ల గురించి చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక వదిలేసిన మాట ఒకటుంది, అది ఇక్కడ రాస్తున్నాను.

మా టీమ్‌లో నాకు బాగా దగ్గరి ఫ్రెండ్ ఒకమ్మాయి ఉంది. నాన్న పోయాక, తనకి 11 ఏళ్లప్పుడు వాళ్ల అమ్మ మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఆయన్ని తను ఇప్పటికీ "అంకుల్" అనే పిలుస్తుంది. ఇంజనీరింగ్ ఫీజులు కట్టింది ఆయనే. డెంగీ వచ్చినప్పుడు హాస్పిటల్లో రాత్రుళ్లు కూర్చున్నదీ ఆయనే. తనకి పెళ్లి కుదిరాక నేను పెద్ద తెలివిగా ఒక మాటన్నాను: "ఇంత చేశారు కదే, ఇప్పుడైనా నాన్నా అని పిలవొచ్చుగా?" నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

సవతి కూతురి కథ అనగానే మనం అడిగేది ఒకటే, పెంచినవాళ్లు మంచివాళ్లా కాదా అని. మంచివాళ్లైతే ఇక ఆ పిల్లకి బాధే ఉండకూడదన్నట్టు. నేనూ అదే లెక్క వేశాను.

మరి కుంతి సంగతేంటి? ఆమె అసలు పేరు పృథ, శూరుడి కూతురు. పిల్లలు లేని కుంతిభోజుడికి తండ్రే ఆమెను ఇచ్చేశాడు. (ఇది దత్తత, మారు పెళ్లి కాదు, తెలుసు. కానీ పెద్దవాళ్లు నిర్ణయిస్తే పిల్ల బతుకు మారిపోవడం రెండుచోట్లా ఉంది.) ఉద్యోగపర్వంలో కృష్ణుడు రాయబారానికి హస్తినాపురం వచ్చినప్పుడు మేనత్తను చూడ్డానికి వెళ్తాడు. కొడుకులు దూరమై అప్పటికి 13 ఏళ్లు దాటింది. ఆ కష్టాలన్నీ చెప్పుకుంటూ ఆమె తప్పుపట్టేది దుర్యోధనుణ్ణి కాదు, కన్నతండ్రిని. బంతితో ఆడుకునే వయసులో, ఉన్నవాడు డబ్బు దానం చేసినట్టు తనను ఇచ్చేశాడని. మనవలు పుట్టాక కూడా ఆ నొప్పి పోలేదు! పైగా ఆ తండ్రి కృష్ణుడికి స్వయానా తాత. అయినా కృష్ణుడు "కుంతిభోజుడు నిన్ను బాగానే చూసుకున్నాడు కదత్తా" అనలేదు. విని, ఓదార్చాడు. నేనైతే అనేసేదాన్ని. అన్నాను కూడా.

అదే కృష్ణుడు యుద్ధభూమిలో అర్జునుణ్ణి ఒకసారి పార్థా అంటాడు, ఇంకోసారి కౌంతేయా అంటాడు. మొదటిది అమ్మ పుట్టింటి పేరు మీద వచ్చింది, రెండోది పెంచిన ఇంటి పేరు మీద. ఒకటి వాడినంత మాత్రాన ఇంకొకటి చెరిగిపోలేదు.

అంకుల్ తండ్రి కాదని నేననడం లేదు. ఆదిపర్వంలో శకుంతల కథలో కణ్వుడు తండ్రులు ముగ్గురంటాడు: శరీరాన్నిచ్చినవాడు, ప్రాణం కాపాడినవాడు, అన్నం పెట్టినవాడు. ఆ లెక్కన ఆయన తండ్రే. కానీ అన్నం పెట్టడం ఆయన ధర్మం. పిలుపు మాత్రం ఆ అమ్మాయిది, బాకీలాగా వసూలు చేసేది కాదు. ఆ పెళ్లి కావాలనుకున్నది పెద్దవాళ్లు, కాబట్టి ఓపిక పట్టాల్సింది కూడా ముందు వాళ్లే.

ఆ మాట నాకన్నా ఆయనకే బాగా తెలుసని పెళ్లిలో అర్థమైంది. పంతులుగారు ప్రవర కోసం పేర్లు అడిగితే, అంకుల్ జేబులోంచి కాగితం తీసిచ్చారు. అందులో పోయినాయన పేరు, ఆయన తండ్రి పేరు, తాత పేరు ఉన్నాయి. ఆ తర్వాత పీటల మీద కూర్చుని అల్లుడి కాళ్లు తనే కడిగారు. లాజహోమంలో అక్క దోసిట్లో పేలాలు పోసింది అంకుల్ కొడుకు.

అప్పగింతలప్పుడు తను ఏడుస్తూనే ఆయన చెయ్యి పట్టుకుని, "అంకుల్, బీపీ మాత్ర వేసుకున్నారా?" అని అడిగింది.