కులాలచక్రం మీద బొటనవేలు

ప్రారబ్ధం, అంటే ఫలమివ్వడం మొదలుపెట్టిన పూర్వకర్మ, మాట వచ్చినప్పుడల్లా మన వేదాంతులు రెండు దృష్టాంతాలు ఎత్తుకుంటారు. ఒకటి వింటి నుంచి వెలువడిన బాణం. రెండోది కుమ్మరి సారె. కుండ దిగిపోయినా సారె కాసేపు తిరుగుతూనే ఉంటుంది. జ్ఞానం కలిగినా దేహం కొంతకాలం నిలిచే ఉంటుంది. సాంఖ్యకారికల చివర ఈశ్వరకృష్ణుడు సారె తిరుగుడు గురించే చెప్పాడు. శంకరులు తమ భాష్యాల్లో బాణాన్నీ వాడారు, కులాలచక్రాన్నీ, అంటే కుమ్మరి సారెనూ, వాడారు. వేగం తనంతట తాను తీరాలి, అందాకా ఆగదు అన్నదే రెండింటి తాత్పర్యం కనక వ్యాఖ్యాతలు ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు. నాకు మాత్రం వీటి మధ్య పెద్ద తేడా ఉందనిపిస్తుంది. ఆ అభిప్రాయం కలిగించింది ఒక గాలపు రీలు. ఉప్పునీటి వేటకు స్పిన్నింగ్ రీల్ పక్కనపెట్టి బెయిట్‌కాస్టింగ్ రీల్ పట్టిన దగ్గర్నుంచి ఆ తేడా నా బొటనవేలికి తగులుతూనే ఉంది.

ఖైరతాబాద్‌లో ఉండేవాడికి సముద్రం మీద గాలమేమిటని మా అత్తయ్య ఇప్పటికీ నవ్వుతుంది. ‘హుస్సేన్‌సాగర్ పక్కన పెట్టుకుని అంత దూరం పోతావేంట్రా’ అంటుంది. నాంపల్లిలో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖ. మనసు ఇంకోవైపు లాగితే నరసాపురం. రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగి, అంతర్వేది నరసింహస్వామి దర్శనం చేసుకుని, వసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు నడవడం. నదికీ కడలికీ మధ్య తిరిగే పండుగప్ప అలాంటి చోట్ల ఉంటుంది. అక్కడ పల్చని దారంతో, తేలిక ఎరతో పని జరగదు. బరువైన ఎర వేయాలి, చేప పడ్డాక గట్టిగా లాగాలి. చాలామంది రీలు మార్చేది ఆ లెక్కతోనే.

స్పిన్నింగ్ రీల్‌లో దారం చుట్టిన స్పూల్ కదలదు. బెయిల్ అనే తీగచేతిని తెరిచి, దారాన్ని చూపుడువేలికి ఆనించి, కర్ర విసురుతూ వేలు వదిలేస్తాం. దారం స్పూల్ కొస మీదుగా చుట్టలు చుట్టలుగా జారిపోతుంది. దీన్ని కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ ఇంగ్లండులో ఉన్ని మిల్లుల యజమాని. కండె కొసమీంచి నూలు జారడం రోజూ చూసేవాడు, 1905లో పేటెంటు పొందాడు. వదిలాక మన ప్రమేయం లేదు. స్పూల్ అంచును వేలితో తాకి వేగం తగ్గించేవాళ్లు లేకపోలేదు. అది నేర్పు, తప్పనిసరి కాదు. ఎర ఎక్కడ పడితే అక్కడ పడింది. ఇక చుట్టుకోవడమే.

ఇది బాణం.

బెయిట్‌కాస్టింగ్ రీల్ దీనికన్నా చాలా పాతది. పంతొమ్మిదో శతాబ్దం తొలి దశకాల్లో అమెరికాలోని కెంటకీలో జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడు, మర చక్రాల మీద చెయ్యి తిరిగినవాడు, దీని పూర్వరూపాన్ని చేశాడు. ఇందులో దారం వెళ్లాలంటే స్పూలే తిరగాలి. ఎర దారాన్ని లాగుతుంది, దారం స్పూల్‌ను తిప్పుతుంది. ఎర గాల్లో కాస్త దూరం వెళ్లాక నెమ్మదిస్తుంది, స్పూల్ నెమ్మదించదు. దానికి పుట్టిన వేగం దానిదే. బయటికి పోతున్న దారంకన్నా లోపల విడుదలయ్యే దారం ఎక్కువైపోతుంది. పైపొర ఉబ్బుతుంది, ఒక పేట మరో పేట కిందికి దూరుతుంది, లిప్తపాటులో స్పూల్ మీద పిచ్చుకగూడు తయారవుతుంది. గాలాల వాళ్లు దాన్ని బ్యాక్‌లాష్ అంటారు. ఎర నీళ్లను తాకిన క్షణం ఇంకా ప్రమాదం. ఎర ఆగిపోయింది, పని అయిపోయింది, స్పూల్ మాత్రం తిరుగుతోంది. కుండ దిగిపోయాక తిరిగే సారె అచ్చంగా ఇదే.

లోపల జరిగేదీ ఇదేనని చెప్పడానికి పెద్ద సాధన అక్కర్లేదు. ఆఫీసులో వాదం ముగిసిపోతుంది, మనిషి లక్డీకాపూల్ ట్రాఫిక్ దాటి ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంటాడు. రాత్రి పదకొండింటికి ఇంకా జవాబులు కూర్చుకుంటూ ఉంటాడు. ఎదుటివాడు లేడు, వాదం లేదు, చక్రం ఉంది. కోరిన వస్తువు చేతికొచ్చాక కూడా కోరడం ఆగని వాళ్లను చూస్తాం. చిక్కు బయటి నుంచి వచ్చి పడలేదు. తన వేగమే తన దారాన్ని చుట్టేసింది.

సముద్రం దగ్గర దీనికి గాలి తోడవుతుంది. వేకువన నేల మీంచి కడలి వైపు వీచే గాలి ఎరను మోసుకుపోతుంది. పొద్దెక్కి ఇసుక కాలాక గాలి తిరగబడి సముద్రం నుంచి ముఖానికి కొడుతుంది. అదే విసురు, అదే బరువు, అయినా ఎర ముందే నెమ్మదించేస్తుంది. అంతర్వేదిలో ఒక పెద్దాయన, వల భుజాన వేసుకుని పోతూ, ఒక కుర్రవాడి రీలు చూసి అన్నాడు: ‘గాలి ఎదురొచ్చిందండి బాబూ. ఇందాకటి చెయ్యి ఇప్పుడు పనికిరాదండి.’ సాధన గ్రంథాల్లో దేశకాలాల గురించి రాసిన పేజీల్లో ఇంత సూటిగా చెప్పిన చోటు నాకు గుర్తు లేదు.

దీనికి మందు బొటనవేలు. ఎర బయల్దేరినప్పటి నుంచి నీళ్లలో పడేదాకా అది స్పూల్ మీదే ఉండాలి. గట్టిగా నొక్కితే ఎర కాళ్ల దగ్గరే పడుతుంది. తీసేస్తే పిచ్చుకగూడు. పైపొర ఉబ్బబోయే ముందు బొటనవేలి కింద దారం మెత్తగా, దూదిలా తగులుతుంది. ఆ మెత్తదనం తెలిసినంత ఒత్తిడి చాలు. చూపు ఎర మీద ఉంటుంది, స్పూల్ మీద ఉండదు. బొటనవేలికి తెలియాలి, కంటికి కాదు. ఆసనం గురించి చెబుతూ పతంజలి ప్రయత్నశైథిల్యం అన్నాడు. ప్రయత్నం ఉంది, బిగువు లేదు. మనస్సు పోయిన చోటల్లా పట్టి వెనక్కి తెమ్మని గీత ఆరో అధ్యాయం చెబుతుంది. అది పోయాక చేసే పని, ఏ రీలుతోనైనా చేయవలసిందే. పోతుండగానే వెంట ఉండడం వేరే విద్య.

ఇక్కడే విద్యారణ్యులు గుర్తొస్తారు. జీవన్ముక్తివివేకంలో ఆయన ఒక సాహసం చేశారు. ప్రారబ్ధకర్మ తత్త్వజ్ఞానం కంటే బలమైనదైతే, యోగాభ్యాసం ఆ ప్రారబ్ధం కంటే కూడా బలమైనదన్నారు. ఉద్దాలకుడు, వీతహవ్యుడు వంటి యోగులు ఇచ్ఛతో దేహం విడిచిన కథలను అందుకు సాక్ష్యంగా చూపారు. అద్వైత గ్రంథంలో ఈ మాట ఏమిటని నొసలు చిట్లించే పండితులున్నారు. తెలిసినవాడికి చేయవలసింది మిగలదు, తిరిగే చక్రాన్ని చూస్తూ ఊరుకోవడమే అన్నది వాళ్ల వాదం. శంకరుల వాక్యాలు వాళ్లకు అండగానే ఉన్నాయి, కాదనను. కానీ దృష్టాంతాన్ని దాని మానాన దాన్ని చూడండి. విడిచిన బాణాన్ని విలుకాడు తాకలేడు. సారె కుమ్మరి చేతికి అందే దూరంలోనే తిరుగుతోంది. కావాలంటే అరచెయ్యి ఆనించగలడు. ప్రారబ్ధాన్ని బాణంతో పోల్చినంతసేపూ విద్యారణ్యుల మాట వింతగానే వినిపిస్తుంది. సారెతో పోల్చిన మరుక్షణం అందులో వింత ఏమీ మిగలదు. సిద్ధుడి సంగతి నాకు తెలియదు. సాధకుడికి మాత్రం బాణం కథ చెప్పి నిద్రపుచ్చడం కంటే సారె చూపించి చెయ్యి ఆనించమనడం మేలు.

రీలు చేసేవాళ్లు బొటనవేలికి సాయంగా బ్రేకులు పెట్టారు. ఒక రకంలో చిన్న చిన్న దిమ్మెలు, స్పూల్ వేగం పుంజుకున్న కొద్దీ బయటికి జరిగి చుట్టూ ఉన్న కడియాన్ని రాస్తాయి. రెండో రకం నాకు ఎక్కువ ఇష్టం. స్పూల్ పక్కన అయస్కాంతాలు ఉంటాయి. స్పూల్ సాధారణంగా అల్యూమినియం, అయస్కాంతానికి అంటుకోని లోహం. ఆగి ఉన్నప్పుడు వీటి మధ్య ఏ వ్యవహారమూ లేదు. స్పూల్ తిరిగితే ఆ లోహంలో సుడి విద్యుత్ పుట్టి, పుట్టించిన ఆ తిరుగుడునే అడ్డుకుంటుంది. వేగం పెరిగితే అడ్డు పెరుగుతుంది, వేగం తగ్గితే తగ్గుతుంది, ఆగితే ఉండదు. ఎక్కడా తాకింది లేదు, అరిగింది లేదు. సాంఖ్యులూ అయస్కాంతాన్ని చెప్పారు. ఏమీ చేయని పురుషుడి సన్నిధిలోనే ప్రకృతి కదులుతుందనడానికి ఆ మణిని చూపారు. అక్కడ సన్నిధి కదిలిస్తే ఇక్కడ నెమ్మదింపజేస్తుంది. సాక్షిభావం గురించి అడిగే కుర్రాళ్లకు నేను ఈ రెండో అయస్కాంతాన్నే చెబుతాను. కోపాన్ని పట్టుకుని అణచమంటే వాళ్లకు చేతకాదు. దాని పక్కన మెలకువగా ఉండమంటే అర్థమవుతుంది: కోపం ఎంత వేగంగా తిరిగితే ఆ మెలకువ అంతగా అడ్డుపడుతుంది.

అయినా బ్రేకులన్నీ బిగించి బొటనవేలు తీసేసేవాళ్లుంటారు. చిక్కు పడదు, ఎర దూరమూ పోదు. నియమాల మీద నియమాలు పెట్టుకుని, లోపల ఎవరూ కాపలా లేని జీవితాలు మన చుట్టూ ఎన్ని లేవు.

ఖైరతాబాద్ వాళ్లకు వదులుతూనే వెంట ఉండే ఈ విద్య ఏటా ఒకసారి కళ్లముందే జరుగుతుంది. 1954లో సింగరి శంకరయ్య ఒక్క అడుగు విగ్రహంతో మొదలుపెట్టిన గణపతి, 2024లో డెబ్బై ఏళ్ల గుర్తుగా 70 అడుగులయ్యాడు. అనంత చతుర్దశినాడు హుస్సేన్‌సాగర్ ఒడ్డున క్రేన్ కొక్కేనికి ఆ భారం తగిలించాక జనం చూపంతా స్వామి మీదే. నా చూపు తీగ చుట్టుకున్న డ్రమ్ము మీదికి పోతుంది. అది పెద్ద బెయిట్‌కాస్టింగ్ రీలే కదా. ఎత్తడానికి ఇంజను చాలు. దించడానికి భూమి లాగుతూనే ఉంటుంది, పనంతా బ్రేకుది. డ్రమ్ము తిరగాలి, పరుగెత్తకూడదు. అంత పెద్ద స్వామి అంగుళం అంగుళంగా దిగుతాడు. నీరు తగలగానే బరువు కొంత నీళ్లు మోస్తాయి, తీగ వదులవుతుంది, డ్రమ్ము ఆ క్షణానే ఆగాలి. నిమజ్జనానికి ముందే పూజలో ఉద్వాసన చెప్పి విగ్రహాన్ని కాస్త కదిపి ఉంటారు. దేవుణ్ణి సాగనంపడం అప్పుడే అయింది. మట్టిని సాగనంపడానికి కూడా ఇంత జాగ్రత్త. వదులుకోవడమంటే చెయ్యి తీసేయడం అనుకునేవాళ్లు ఆ క్రేన్ నడిపే మనిషిని కాసేపు చూడాలి. ఆ రోజు ఖైరతాబాద్ మొత్తంలో అందరికన్నా వైరాగ్యంతో, అందరికన్నా మెలకువతో ఉన్నది అతనే అయ్యుంటాడు.

గాలం పట్టుకుని అధ్యాత్మం మాట్లాడడం ఎలా కుదురుతుందని ఎవరైనా నిలదీస్తే తప్పుకోను. గాలం హింసే. భారతంలో మిథిల ధర్మవ్యాధుడు కౌశికుడికి ధర్మం చెప్పింది మాంసం అంగడిలో కూర్చునే, నిజమే. ఆయన దాన్ని తన కులవృత్తిగా చేశాడు, సరదాగా కాదు. కాబట్టి ఆ కథ నాకు పూర్తి అండ కాదు. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన ఇరవై నలుగురు గురువుల్లో చేపను కూడా లెక్కపెట్టాడు. నాలుక రుచికి లొంగి గాలానికి చిక్కే చేప. తెలుగులో ఆ స్కంధం పోతన చేతి నుంచి రాలేదు, వెలిగందల నారయ పూర్తిచేశాడు. ఆ ఘట్టం చదివినప్పుడు నన్ను నేను గాలం పట్టిన వైపు ఊహించుకుంటాను. మరుక్షణం దారం రెండో కొస కూడా నాకే కట్టి ఉందని తోస్తుంది. రైలెక్కించి, తెల్లవారకముందే లేపి ఇసుకలో నిలబెట్టిన ఎర ఏదో నేను ఎప్పుడో మింగాను. ఛాందోగ్యంలో దారంతో కట్టిన పక్షి అన్ని దిక్కులకూ ఎగిరి, ఎక్కడా నిలవక, కట్టిన చోటికే వచ్చి వాలుతుంది. మనస్సు ప్రాణానికి అలా కట్టి ఉందంటాడు ఉద్దాలకుడు శ్వేతకేతువుతో. ఎర కడుపులో ఉండగానే ఆ దారం కనిపిస్తే ఇంకేం కావాలి. నాకు కనిపించింది రెండో కొస వరకే.

రీలు మార్చమని అందరికీ చెప్పను. తేలిక ఎరలకు స్పిన్నింగ్ రీలే మేలు, పిల్లలకూ అదే. భక్తిమార్గంలో కొందరికి వదిలేయడమే సరిపోతుంది. వాళ్ల దారం ఎలా జారినా చిక్కుపడదు, అది వాళ్ల పూర్వపుణ్యం. మిగతావాళ్లకు అభ్యాసం తప్పదు. ఏప్రిల్ 15 నుంచి తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం. సముద్రం ఊపిరి పీల్చుకునే ఆ రెండు నెలలు నేనూ గాలం ముట్టను. ఇక్కడే ఖాళీ జాగాలో, మనుషులు రాకముందు, కొక్కెం లేకుండా సీసపు గుండు కట్టి విసురుతాను. చేప ఆశ లేనప్పుడు బొటనవేలు బాగా నేర్చుకుంటుంది. చాలాకాలం, ఎడతెగకుండా, ఆదరంతో చేసిన అభ్యాసమే నిలుస్తుందని పతంజలి మూడు షరతులు పెట్టాడు. మొదటి రెంటినీ మొండితనంతో నెట్టుకురావచ్చు. మూడోది దొరకడం కష్టం.

ఉప్పునీటి రీలుకు ఆదరమంటే మంచినీళ్లు. ఇంటికి చేరగానే, ఒళ్లు ఎంత అలిసినా, కుళాయి సన్నగా వదిలి దాన్ని కడగాలి. జోరుగా కొడితే ఉప్పు బేరింగుల్లోకి ఇంకా లోతుగా పోతుంది. కడిగేటప్పుడు లోపలికి నీరు దిగకుండా డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు దారం వదిలే బిగువు, బిగించాలి. తడి ఆరాక దాన్ని వదులు చేసి పెట్టాలి. బిగించే దాచేస్తే లోపలి వాషర్లు అణిగి అతుక్కుపోతాయి. మళ్లీ వేటకు పోయినప్పుడు పెద్ద చేప లాగినా దారం సాఫీగా వదలదు, తెగుతుంది.