నడిచేవాడి కాలికి తగిలిన గడ్డి

రోజూ కంటి ముందు నుంచి సాగిపోతూ ఒక్కనాడూ మనసులో నిలవని దృశ్యాన్ని చూసినట్టా, చూడనట్టా అన్న ప్రశ్న భారతీయ జ్ఞానమీమాంసలో, అంటే జ్ఞానం ఎలా కలుగుతుందో, ఎప్పుడు ప్రమాణమవుతుందో విచారించే శాస్త్రంలో, చాలా పాతది. జైన తార్కికులు ఇందుకు ఎంచుకున్న ఉదాహరణ దారికి సంబంధించినదే: నడిచిపోతున్నవాడి కాలికి గడ్డి తగులుతుంది, ఏదో తగిలిందని మాత్రం తెలుస్తుంది, అది ఏమిటో తేలకముందే అడుగు ముందుకు పడిపోతుంది. ఈ స్థితికి అనధ్యవసాయమని పేరు. అధ్యవసాయమంటే నిశ్చయం, అది లేకపోవడం అనధ్యవసాయం. 12వ శతాబ్దికి చెందిన వాదిదేవసూరి దీనిని సంశయానికీ, ఒకదానిని మరొకటిగా పొరబడే విపర్యయానికీ సరసన నిలిపాడు. తాడును పామనుకున్నవాడూ, తాడో పామో తేల్చుకోలేనివాడూ, ఏదైతేనేమని దాటిపోయినవాడూ ఈ లెక్కలో ఒకే కోవకు చెందుతారు.

అరకులోయ మండలం దారుల మీద ఈ దోషం ఎవరిదో తేల్చడం అనుకున్నంత సులభం కాదు. శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ రోడ్డు మీదుగా పొద్దున ఎక్కి సాయంత్రం దిగే ఉపాధ్యాయులకూ ఆరోగ్య సిబ్బందికీ, వాడుకలో చెప్పాలంటే అప్ అండ్ డౌన్ చేసే ఉద్యోగులకు, ఆ మలుపులు కంటికన్నా కడుపులో తిప్పుడుకే ఎక్కువ పరిచయం. సిల్వర్ ఓక్ మాను చుట్టూ పాకిన మిరియపు తీగ, దాని నీడన వేసవి తొలి జల్లులకు తెల్లగా పూసి నాలుగు రోజులకే వాడిపోయే కాఫీ పూత, బస్సు కిటికీలో తల వాల్చి నిద్రపోయేవారి పక్క నుంచే వెనక్కి పోతాయి. శుక్రవారం సంతకు గూడేల నుంచి పసుపూ చింతపండూ కావిళ్లలో మోసుకొచ్చేవారు కొండను చూడడానికి ఆగరు, ఎందుకంటే వారికి అది ఎక్కవలసిన ఎత్తు, దింపుకోలేని బరువు. ఇక నిలిచి చూసేవాడు పర్యాటకుడొక్కడే అని సాధారణాభిప్రాయం. 2017 నుంచి అతనికోసం కిరండూల్ రైలుకు అద్దాల పెట్టె కూడా తగిలించారు. (ఆ మార్గం నిజానికి చూడడానికి వేసింది కాదు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడానికి 1960లలో కొండలను తొలిచి వేసినది.)

ఈ సాధారణాభిప్రాయం నిలవదు. పర్యాటకుడికి నిశ్చయం లోపించలేదు, అది బయలుదేరకముందే సిద్ధమైపోయింది: వలిసె పూల పసుపు అందమైనదని ఫొటోల్లో చూసి వచ్చినవాడికి అది నూనెగింజల పంట అన్న సంగతి, గింజ పట్టేలోగా చేలో పడిన అడుగులు ఎవరికి నష్టమో అన్న సంగతి, చూపులో భాగం కావు. అతడు తటస్థుడు, ఆ మాటకు మూలార్థం గట్టు మీద నిలిచినవాడని. రసాస్వాదనకు స్వార్థం ఎంత విఘ్నమో తాటస్థ్యమూ అంతే విఘ్నమని ఆలంకారికుడు అభినవగుప్తుడు భావించడం ఇక్కడ గుర్తుంచుకోదగినది.

జైనులు దోషాన్ని చెప్పి ఊరుకోలేదు, నడకనే వ్రతం చేశారు. ఈర్యాసమితి అనే నియమం ప్రకారం సాధువు తన ముందు కాడి పొడవంత నేలను, అంటే సుమారు నాలుగు మూరల మేర, చూసుకుంటూ ఏ ప్రాణీ కాలి కింద పడకుండా అడుగు వేయాలి. క్రిములు పెచ్చుపెరిగే వానాకాలం నాలుగు నెలలూ ప్రయాణమే మానాలి. విజయనగరం దగ్గర రామతీర్థం కొండల మీది జైన శిల్పాలను బట్టి ఈ ప్రాంతానికి ఆ నడక కొత్తది కాదనుకోవచ్చు. ఈ నియమంలో దృశ్యమన్న మాటే లేకపోవడం విశేషం. చూపు అందానికి కాక, అడుగు వల్ల కలిగే హానికి జవాబుదారీ. ఆ కొలతతో చూస్తే రాయి కదులుతుందో లేదో చూసి కాలు మోపే కావడివాడే ముగ్గురిలోనూ సరిగా చూస్తున్నవాడు. అతని చూపులో పుణ్యం కన్నా అవసరం ఎక్కువన్న ఆక్షేపణ సరైనదే గాని, అందువల్ల ఆ చూపుకు స్పష్టత తగ్గదు.

బస్సులో కూర్చున్నవాడికి ఈర్యాసమితి సాధ్యమా అన్నది మిగిలిన చిక్కు. సంప్రదాయాన్ని పాటించే జైన సాధువులు వాహనమే ఎక్కరు, ఉద్యోగికి ఆ వెసులుబాటు లేదు. అయితే అతను ఎక్కిన బండిని దారే ఆపే సందర్భం ఒకటుంది: చైత్రంలో ఇటుకల పండుగ రోజుల్లో గిరిజన స్త్రీలు రోడ్డుకు అడ్డంగా కర్ర పట్టి, వచ్చేపోయే బండ్లను ఆపి చిల్లర అడుగుతారు, ఇచ్చేదాకా కర్ర లేవదు.